ఒకే జాతి అయితే సంపన్న దేశమేనట!

ఆ ఫార్వర్డు మళ్లీ వచ్చింది. ఈసారి పైన జపాన్ జెండా, మధ్యలో కిందికి దిగే ఎర్ర బాణం, అడుగున ‘దమ్ముంటే పది మందికి పంపండి’ అని సవాలు. పంపుతున్నవాళ్లలో అర్థశాస్త్రం పట్టా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, అదే ఎక్కువ చిరాకు.

చూడని అదృష్టవంతుల కోసం అందులోని ఏడు పాయింట్లు క్లుప్తంగా. ఒకటి: జపాన్, కొరియా, డెన్మార్క్ ఒకే జాతి కాబట్టి బాగుపడ్డాయి, నైజీరియా, కాంగో కలగూరగంపలు కాబట్టి మునిగాయి. రెండు: వైవిధ్యం పెరిగితే వృద్ధి తగ్గుతుందని ‘హార్వర్డ్ శాస్త్రవేత్తలు’ సూచీతో సహా రుజువు చేశారు. మూడు: సింగపూర్, స్విట్జర్లాండ్ లెక్కలోకి రావు. నాలుగు: రకరకాల జనం ఉన్నచోట ఎవరూ ఎవరినీ నమ్మరు. అయిదు: పక్షులు కూడా తమ జాతితోనే ఎగురుతాయి. ఆరు: వైవిధ్యం లాభసాటి అనేవి కన్సల్టెన్సీల కబుర్లు. ఏడు: కాబట్టి ఎవరి జాతిని వాళ్లకు వేరు చేయాలి, బయటివాళ్లను పంపేయాలి.

అయిదోది వదిలేద్దాం. పక్షులకు తలసరి ఆదాయం లెక్క కట్టినవాళ్లు ఇంకా లేరు.

ఆరోది చాలావరకు నిజం. అవును, ఒప్పుకుంటున్నాను. పై స్థాయి పదవుల్లో రకరకాల జాతులవాళ్లున్న కంపెనీలకు లాభాలెక్కువని ఒక పేరుమోసిన కన్సల్టెన్సీ ఏళ్ల తరబడి నివేదికలు వేసింది. అమెరికాలోని ఎస్ అండ్ పీ 500 జాబితాలోని పెద్ద కంపెనీల మీద ఇద్దరు పరిశోధకులు అదే లెక్క మళ్లీ వేసి 2024లో ప్రచురించారు. ఆ సంబంధం కనబడలేదు. పైగా ఆ నివేదికల్లో లాభాలు లెక్కగట్టిన ఏళ్లు ముందువి, పదవుల్లో ఎవరున్నారో చూసిన ఏడు తర్వాతిది. లాభాల్లో ఉన్న కంపెనీ తీరిగ్గా రకరకాలవాళ్లను తీసుకుందేమో అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. ‘వైవిధ్యమే సంపద’ అనే పోస్టర్లు వేసేవాళ్లకూ ఈ ఫార్వర్డు రాసినవాళ్లకూ లెక్కల మాస్టారు ఒకరే అయివుండాలి.

ఇక ఒకటో పాయింటు. జపాన్ ఒకే జాతి, జపాన్ ధనిక దేశం, కాబట్టి ఒకే జాతి అయితే ధనం. తన కోడి కూస్తేనే తెల్లవారుతుందనుకున్న ముసలమ్మది కూడా ఇదే తర్కం. పాపం, ఆమె దాన్ని ఫార్వర్డు చెయ్యలేదు.

చైనా జనాభాలో హాన్ జాతివాళ్ల వాటా 1953 లెక్కల్లోనూ 90 శాతానికి పైనే, 2020 లెక్కల్లోనూ పైనే. అదే జనంతో 1959–61లో కోటి మందికి పైగా చనిపోయిన కరవు వచ్చింది, 1978 సంస్కరణల తర్వాత అదే జనంతో పరుగు మొదలైంది. పోలండ్‌లో 1989లో సరుకుల కోసం క్యూ కట్టిందీ పోల్‌లే, ఆ తర్వాత ముప్పయ్యేళ్లు యూరప్‌లో అందరికంటే వేగంగా ఎదిగినవాళ్లలో ఒకరుగా నిలిచిందీ వాళ్లే. కొరియా సంగతి మరీ మొహమాటం లేకుండా ఉంటుంది. 1945లో రెండు ముక్కలయ్యేనాటికి భారీ పరిశ్రమలు, జలవిద్యుత్ కేంద్రాలు ఎక్కువగా ఉత్తరానే ఉన్నాయి. 1948 మేలో ఉత్తరంవాళ్లు కరెంటు ఆపేస్తే దక్షిణం చీకట్లో పడింది. ఈ రోజు ఏది ఎక్కడుందో చెప్పక్కర్లేదు. రెండు పక్కలా జాతి ఒకటే, భాష ఒకటే, తినే తిండి కూడా ఒకటే. ఫార్వర్డులో ‘కొరియా’ అని రాసి ఊరుకున్నారు, ఏ కొరియానో రాయలేదు.

ఒకే జాతి ఉండీ పేదగా ఉన్న దేశాలు ఆ జాబితాలో ఎందుకు లేవో కూడా చూడండి. సోమాలియాలో దాదాపు అందరూ సోమాలీలు, ఒకే భాష, ఒకే మతం, అందులోనూ ఒకే శాఖ. 1991 జనవరిలో ప్రభుత్వం కూలాక హావియే, దారోద్, ఇసాక్ వంశాల వారీగా చీలి కొట్టుకున్నారు. లెసోతోలో నూటికి తొంభై తొమ్మిది మంది బసోతోలే. హైతీ పేరెత్తనే లేదు.

అసలు ఆ ‘ఒకే జాతి’ ఎలా తయారైంది? ఇది అడిగితే ఒకటో పాయింటు తలకిందులవుతుంది. 1794లో అబ్బే గ్రెగ్వార్ అనే మతాధికారి ఫ్రాన్స్ పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో కనీసం 60 లక్షల మందికి ఫ్రెంచి రాదని, ఇంకో అంతమంది ఆ భాషలో నాలుగు మాటలు వరసగా మాట్లాడలేరని, శుభ్రంగా మాట్లాడేవాళ్లు 30 లక్షలు దాటరని రాశాడు. అప్పటి ఫ్రాన్స్ జనాభా రెండున్నర కోట్ల పైమాటే. 1861లో ఇటలీ ఏకమైనప్పుడు ఇటాలియన్ మాట్లాడేవాళ్లు నూటికి రెండున్నర మంది అని ఒక అంచనా, పది మంది దాకా అని ఇంకో అంచనా. వీళ్లను ‘ఒకే జాతి’ చేసింది బడి, రైలు, నిర్బంధ సైనిక సేవ, పన్ను వసూలు చేయగల ప్రభుత్వం. జపాన్ కూడా అంతే: దక్షిణ దీవుల్లోని ర్యూక్యూ రాజ్యాన్ని 1879లో కలిపేసుకుని ఒకినావా అని పేరు పెట్టారు. అక్కడి బళ్లలో సొంత భాషలో మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కపలక వేలాడదీసేవాళ్లు. ఇంకో పిల్లవాడు నోరు జారేదాకా ఆ పలక దిగేది కాదు, దిగాక వాడి మెడలోకి వెళ్లేది. ఫ్రాన్స్‌లో బ్రెటన్ భాష మాట్లాడే పిల్లలకూ ఇలాంటి శిక్షే. బలమైన ప్రభుత్వం వచ్చాక జనం ఒకేలా తయారయ్యారు. సంపదకూ అదే ప్రభుత్వం, అవే బళ్లు దారి వేశాయి. ఈ రెంటిలో ఒకదాన్ని రెండోదానికి కారణమనడం అన్నలో నుంచి తమ్ముడు పుట్టాడనడం.

పోలండ్‌ది ఇంకా చేదు కథ. 1931 లెక్కల్లో దాదాపు మూడో వంతు మంది మాతృభాష పోలిష్ కాదు. యూదుల ఊచకోత, సరిహద్దుల మార్పు, యుద్ధం ముగిశాక బలవంతపు తరలింపులు: ఇవన్నీ అయ్యాకే అది ‘ఒకే జాతి’ అయింది. ఫార్వర్డులో ఆకుపచ్చ టిక్కు పెట్టిన జాబితాలో పోలండ్ కూడా ఉంది.

మూడో పాయింటు. సింగపూర్ లెక్కలోకి రాదట, ఎందుకంటే ‘అది నిజానికి చైనీస్ దేశం’. చైనీయులు 74 శాతం, మలయులు 13 పైన, భారతీయ మూలాలవాళ్లు 9. వైవిధ్యపు సూచీ (అందరూ ఒకటే అయితే 0, ముక్కలు పెరిగేకొద్దీ 1కి దగ్గరవుతుంది, లెక్క కింద చెబుతాను) వేస్తే 0.42 వస్తుంది, అంటే ఏకజాతి దేశాలకు దూరంగానే ఉంది. 1964లో అక్కడ మలయులకూ చైనీయులకూ మధ్య జరిగిన అల్లర్లలో పదుల సంఖ్యలో చనిపోయారు. తర్వాత ఏం చేశారన్నది అసలు చూడాల్సిన విషయం. జనంలో అత్యధికులు ఉండేవి ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో. 1989లో ప్రతి బ్లాకుకూ కోటా పెట్టారు: చైనీయులు బ్లాకులో 87 శాతం, చుట్టుపక్కల పేటలో 84 శాతం దాటకూడదు, మలయులకు 25, 22, మిగతావాళ్లకు అప్పట్లో 13, 10. ఒక జాతి కోటా నిండిన బ్లాకులో ఆ జాతివాడు కొనాలంటే ఆ జాతివాడి దగ్గరే కొనాలి. దీనివల్ల నష్టపోయేది మైనారిటీ అమ్మకందారే, ఎందుకంటే కొనేవాళ్లు తక్కువ, ధర తగ్గించాలి, నెలల తరబడి ఆగాలి. ముచ్చటైన ఏర్పాటు అనను. కానీ ఇది ఒక రూలు, దానికో ఖర్చు, ఆ ఖర్చు తెలిసి పెట్టుకున్నారు. ‘లెక్కలోకి రాదు’ అనేదానికి ఇక్కడ చోటెక్కడిది?

స్విట్జర్లాండ్‌వాళ్లు 1847లో కాథలిక్, ప్రొటెస్టెంట్ కాంటన్ల (అంటే రాష్ట్రాల) మధ్య అంతర్యుద్ధం చేసుకున్నారు, మరుసటి ఏడాదే రాజ్యాంగం రాసుకున్నారు. అక్కడ భాష గీత ఒక దిక్కున పోతే మతం గీత ఇంకో దిక్కున పోతుంది. జర్మన్ మాట్లాడే కాథలిక్ ఒక ఓటింగులో ఫ్రెంచి కాథలిక్‌తోనూ, ఇంకో ఓటింగులో జర్మన్ ప్రొటెస్టెంట్‌తోనూ ఉంటాడు. ఎప్పుడూ ఓడిపోయే జట్టంటూ ఒకటి తయారు కాదు. మారిషస్ పేరు ఫార్వర్డులో లేదు గానీ, 1961లో జేమ్స్ మీడ్ అంతటి అర్థశాస్త్రవేత్త ఆ దేశానికి భవిష్యత్తు లేదన్నంత పని చేశాడు. 1970లో ఎగుమతి మండలాలు పెట్టి, పార్లమెంటులో తక్కువ ప్రాతినిధ్యం వచ్చిన వర్గాలకు 8 సీట్ల దాకా అదనంగా ఇచ్చే పద్ధతితో నడిచి, ఆయన జోస్యాన్ని తప్పించింది.

నాలుగో పాయింటు అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్‌ది. అమెరికాలో దాదాపు 30 వేల మందిని అడిగి 2007లో ప్రచురించాడు: వైవిధ్యం ఎక్కువున్న చోట జనం గూట్లోకి ముడుచుకుంటున్నారు, తమవాళ్లను కూడా నమ్మడం లేదు అని. అదే సమాచారాన్ని 2015లో అబాస్కల్, బాల్దస్సారి అనే పరిశోధకులు తిరగేశారు. పేదలు, తరచూ ఇళ్లు మారేవాళ్లు, వివక్ష ఎదుర్కొన్నవాళ్లు ఎక్కడున్నా నమ్మకం తక్కువని చెబుతారు. అలాంటివాళ్లు ఎక్కువున్న పేటలో సగటు పడిపోతుంది. పక్కింటివాడి రంగు చూసి పడిపోయినది అందులో కొంతే. ఆ ‘కొంత’ తెల్లవాళ్లలో ఉంది, అది మాత్రం లేదనను.

ఇప్పుడు రెండోది. ఇక్కడ కాస్త కూర్చోవాలి.

హార్వర్డ్ కాదు. ఈస్టర్లీ, లెవిన్ అనే అర్థశాస్త్రవేత్తలు 1997లో రాసిన పేపరు అది. ఈస్టర్లీ అప్పుడు ప్రపంచ బ్యాంకులో పనిచేసేవాడు. ఆఫ్రికా వెనకబాటుకు, అంటే తక్కువ చదువు, సరిగా లేని రోడ్లు, దొంగ మార్కెట్లో డాలరు ధర వంటివాటికి, తెగల వైవిధ్యం ఒక కారణమని అందులో ఉంది. వాడిన లెక్కలు 1964లో మాస్కోలో అచ్చయిన ప్రపంచ జాతుల అట్లాస్‌వి. సూచీ వేసే పద్ధతి ఇదీ: ఒక్కో సమూహం వాటాను దానితోనే గుణించాలి, అన్నిటినీ కూడాలి, ఆ మొత్తాన్ని 1లోంచి తీసేయాలి. వచ్చేది, గుడ్డిగా ఎంచిన ఇద్దరు వేర్వేరు సమూహాలవాళ్లయ్యే అవకాశం.

ఇప్పుడు రెండు దేశాలు ఊహించండి. మొదటిదాంట్లో సమానమైన మూడు సమూహాలు: సూచీ 0.67. రెండోదాంట్లో 55 శాతం ఉన్న పెద్ద సమూహం ఒకటి, 7.5 శాతం చొప్పున చిన్నవి ఆరు: సూచీ 0.66. మొదటిచోట ఎవరు గద్దెనెక్కాలన్నా ఇంకొకరితో పొత్తు తప్పదు. రెండోచోట పెద్ద సమూహానికి ఎవరి మాటా వినే అవసరం లేదు. సూచీకి రెండూ ఒకటే. రువాండాలో హుటులు 85, టుట్సీలు 14, ట్వాలు 1 శాతం అనుకుని వేస్తే 0.26 వస్తుంది, అంటే ఫార్వర్డు ప్రకారం దాదాపు ‘మంచి’ దేశం. భాష ప్రకారం లెక్కిస్తే హుటు, టుట్సీ అసలు రెండు సమూహాలే కాదు. 1994లో అక్కడ జరిగిన ఊచకోత తెలుసు కదా.

అందుకే మోంటాల్వో, రెనాల్-కెరోల్ 2005లో వేరే కొలత వాడారు: రెండు ఉజ్జీ సమూహాలు ఎదురెదురుగా ఉంటే 1, ముక్కలు ఎక్కువైతే తగ్గుతూ పోతుంది. సమానమైన పది సమూహాలుంటే పాత సూచీ 0.90, కొత్తది 0.36. 85–15గా చీలిన దేశానికి పాతది 0.26, కొత్తది 0.51. అంతర్యుద్ధాలతో పొంతన కుదిరింది కొత్తదానికే. మరీ ముక్కలైన దేశం కంటే రెండుగా చీలిన దేశమే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

ఇంకో సంగతి, ఫార్వర్డు రాసినవాళ్లు చదివివుంటే రెండో పాయింటు రాసేవాళ్లే కాదు: అదే ఈస్టర్లీ 2001లో ఇంకో పేపరు వేశాడు. కోర్టులు, కాంట్రాక్టులు, ఆస్తి హక్కులు సరిగ్గా ఉన్నచోట వైవిధ్యం వల్ల వృద్ధి తగ్గడం కనబడలేదని. మొదటి పేపరు పాతికేళ్లుగా తిరుగుతోంది, రెండోదాన్ని ఎవరూ ఫార్వర్డు చెయ్యలేదు.

అయితే వైవిధ్యానికి ఖర్చే లేదని చెబితే నేనూ అబద్ధమాడినట్టే. ఖర్చుంది. పశ్చిమ కెన్యా బళ్లలో తెగలు కలిసి ఉన్నచోట తల్లిదండ్రులు వేసుకునే చందా ఒకే తెగ ఉన్నచోటి కంటే సుమారు 20 శాతం తక్కువని మిగెల్, గుగెర్టీ అనే పరిశోధకులు చూపించారు. కారణం ద్వేషం కాదు. చందా ఎగ్గొట్టినవాడిని నలుగురిలో నిలదీయాలంటే వాడు మనవాడై ఉండాలి. వేరే తెగవాడిని నిలదీస్తే గొడవ ఇంకెటో పోతుందని కమిటీ నోరు మూసుకుంటుంది. అదే మిగెల్ సరిహద్దు దాటి టాంజానియాలో మియాటు జిల్లాను చూస్తే ఆ తేడా లేదు. అక్కడ అధ్యక్షుడు నైరేరే ప్రభుత్వం బడిలో, పాలనలో స్వాహిలీని నిలబెట్టింది, తెగ పేరుతో రాజకీయాన్ని అణిచింది. ఇందులో ఇంకో ఒప్పుకోలు: దానివల్ల ఏకత వచ్చింది, ఆదాయం రాలేదు. అదే ప్రభుత్వం జనాన్ని ఊళ్లకు ఊళ్లు ఎత్తి కొత్తచోట దింపి వ్యవసాయాన్ని దెబ్బతీసింది.

దగ్గర్నుంచి చూడాలంటే కెన్యాలోని ఒక పూల ఫ్యాక్టరీ. యోనాస్ యోర్ట్ అధ్యయనం చేశాడు, 2014లో అచ్చయింది. ఒక బల్ల దగ్గర ముగ్గురు: ఒకరు గులాబీలు అందిస్తారు, ఇద్దరు వాటిని కట్టలు కడతారు. కట్టేవాళ్లకు పువ్వుకింత అని కూలి. అందించేవాళ్ల కూలి ఆ ఇద్దరూ కట్టినదాన్ని బట్టి. అంటే అందించే మనిషికి ఎవరు కట్టినా ఒకటే రేటు, ఎవరు వేగంగా కడితే వాళ్లకు ఎక్కువ పూలివ్వడమే లాభం. కానీ కికుయు తెగవాళ్లు అందిస్తుంటే కికుయు చేతికి ఎక్కువ, లువో తెగవాళ్ల చేతికి తక్కువ, అటువైపూ అంతే. తన కూలి తగ్గుతున్నా సరే. 2007 చివరి ఎన్నికల తర్వాత దేశంలో చంపుకోవడాలు మొదలవగానే ఈ తేడా బాగా పెరిగింది. ఫ్యాక్టరీ ఏం చేసిందంటే, కట్టే ఇద్దరి కూలినీ కలిపి సగం సగం చేసింది. ఇక మనవాడికి ఎక్కువ పూలు ఇచ్చినా సగం అవతలివాడికే పోతుంది. ఇద్దరి మధ్య పక్షపాతం ఆగిపోయింది. ఇద్దరూ అవతలి తెగవాళ్లే అయినప్పుడు పూలు నెమ్మదిగా అందించడాన్ని మాత్రం ఈ పద్ధతి పట్టుకోలేదు. మనుషులు మారలేదు, తెగలు మారలేదు, బయటి రాజకీయం మారినప్పుడు నష్టం పెరిగింది, కూలి రూలు మారినప్పుడు తగ్గింది. ఫార్వర్డు రాసినవాళ్లు సూచీలో వెతుకుతున్నది ఈ బల్ల దగ్గర ఉంది.

రోడ్లూ అంతే. 1963 నుంచి 2011 దాకా కెన్యా జిల్లాలను చూస్తే, అధ్యక్షుడి తెగ జిల్లాలకు రోడ్ల ఖర్చు రెండింతలు, తారు రోడ్ల పొడవు దాదాపు అయిదింతలు. బహుళపార్టీ ప్రజాస్వామ్యం ఉన్న ఏళ్లలో ఆ తేడా మాయం. రాత్రిపూట ఉపగ్రహాలకు కనబడే వెలుగుతో సమూహాల మధ్య ఆదాయపు తేడాను కొలిచిన 2016 పేపరు కూడా ఇదే చెప్పింది: ఆ అసమానతను లెక్కలోకి తెస్తే సమూహాల సంఖ్యకు పేదరికంతో ఉన్న లంకె వదులైపోతుంది.

ఇక ఏడోది. ఇంతసేపూ వెటకారమాడాను, దీనికి మాత్రం ఓపిక లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టమనే సలహా ఇది, తగలబెట్టి చూసినవాళ్లున్నారు కూడా.

స్పెయిన్ 1609లో మొదలుపెట్టి సుమారు 3 లక్షల మంది మొరిస్కోలను, అంటే క్రైస్తవులుగా మార్చిన ముస్లింల వారసులను, వెళ్లగొట్టింది. వలెన్సియా రాజ్యం దాదాపు మూడో వంతు జనాన్ని పోగొట్టుకుంది. నీటిపారుదల భూముల్లో కౌలు చేసినవాళ్లు వాళ్లే. కౌలు ఆగింది, ఆ కౌలు చూపించి అప్పులు తెచ్చిన భూస్వాములు వడ్డీ కట్టలేకపోయారు, వాళ్లకు అప్పిచ్చినవాళ్లూ మునిగారు. 1685లో ఫ్రాన్స్ తన ప్రొటెస్టెంట్లయిన హ్యూగెనాట్లను తరిమితే ప్రష్యా అదే ఏడాది శాసనం చేసి రమ్మంది. నేత పని తెలిసినవాళ్లు అక్కడికి వెళ్లి మగ్గాలు పెట్టారు.

వేరు చేస్తే సరా? దక్షిణ సూడాన్ 2011లో దాదాపు 99 శాతం ఓట్లతో విడిపోయింది. చమురు బావులు దీని చేతిలో, ఓడరేవుకు వెళ్లే పైపులైను ఉత్తరం చేతిలో. రవాణా రుసుము తగువుతో 2012 జనవరిలో బావులే మూసుకున్నారు, ఏడాదికి పైగా. 2013 డిసెంబరులో దింకా, నుయేర్ తెగల మధ్య యుద్ధం. విడిపోవడానికి ఓటేసేనాటికి ఆ రెండూ ఒకే పక్షం. ఇంకా తేటగా కనిపించాలంటే మలావీ, జాంబియాల సరిహద్దుకు వెళ్లాలి. గీతకు రెండు వైపులా చేవా, తుంబుకా తెగలే, ఊళ్ల మధ్య దూరం కొద్ది మైళ్లే. జాంబియాలో వాళ్లు చుట్టాల్లా ఉంటారు, మలావీలో ప్రత్యర్థులు. డేనియల్ పోస్నర్ 2004లో కారణం చూపించాడు: మలావీలో ఒక్కో తెగా సొంతంగా ఓటు బ్యాంకు అయ్యేంత పెద్దది, జాంబియాలో రెండూ చిన్నవి, కలిస్తేనే పని జరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, వీళ్లను ఎక్కడ వేరు చేస్తారు?

పంపేస్తే ఏమవుతుందో ఉగాండా చూసింది. 1972 ఆగస్టులో అక్కడి నియంత ఇదీ అమీన్ ఆసియా మూలాలవాళ్లకు 90 రోజుల గడువిచ్చాడు. పదుల వేల మంది, ఎక్కువగా గుజరాతీలు, చేతిలో పట్టుమని అరవై పౌండ్లు కూడా లేకుండా విమానమెక్కారు. దుకాణాలు, పత్తి జిన్నింగు మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు సైన్యంవాళ్లకూ అయినవాళ్లకూ పంచారు. వీళ్లకు దొరికింది గోడలు, యంత్రాలు, గోదాములో సరుకు. దొరకనిది ఏ విడిభాగం ఎక్కడి నుంచి తెప్పించాలన్న చిరునామా, అరువు ఇచ్చే టోకు వ్యాపారి నమ్మకం, ఏ రైతు బాకీ ఎంతో రాసుకున్న పుస్తకం. ఉన్న సరుకు అమ్ముకున్నారు, అయిపోయాక తలుపులు మూశారు. ‘మన జాతివాళ్ల చేతికి వ్యాపారం’ వచ్చింది గానీ వ్యాపారం రాలేదు.

1990ల్లో ఉగాండా అధ్యక్షుడు ముసెవేనీ ప్రభుత్వం, వెళ్లగొట్టినవాళ్లకే కబురుపెట్టి, వాళ్లు వదిలి వెళ్లినవాటిని చూసుకునే కస్టోడియన్ బోర్డు దగ్గరున్న ఆస్తులు తిరిగి అప్పజెప్పింది. కకీరా చక్కెర ఫ్యాక్టరీ పాత యజమానుల కుటుంబం చేతికే వెళ్లింది. ఫార్వర్డులో ఈ ముక్కకు చోటు దొరకలేదు. కింద వరసగా పద్నాలుగు చప్పట్ల బొమ్మలకు మాత్రం దొరికింది.